మూతి నుంచి దట్టించే తుపాకులు: పనితీరు, వేట, భద్రత

గొట్టం మూతి వైపు నుంచి మందు పోసి, దానిమీద సీసపు గుండు పెట్టి, కడ్డీతో అడుగుదాకా దట్టించి కాల్చే తుపాకీని మజిల్‌లోడర్ అంటారు. 19వ శతాబ్ది మధ్యదాకా సైనికుడి భుజాన ఉన్నదీ, వేటగాడి చేతిలో ఉన్నదీ దాదాపుగా ఇదే. వెనుక నుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చాక సైన్యాలు దీన్ని వదిలేశాయి. వేటలో మాత్రం ఇది నేటికీ నిలిచి ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు జింకల వేటకు మజిల్‌లోడర్ సీజన్‌ను విడిగా ప్రకటిస్తాయి.

ఆధునిక తుపాకీలో మందు, గుండు, నిప్పు పుట్టించే ప్రైమర్ మూడూ ఒకే తూటాలో ఇమిడి ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. మజిల్‌లోడర్‌లో ఆ తూటాను కాల్చేవాడే, కాల్చిన ప్రతిసారీ, గొట్టం లోపల తయారుచేసుకోవాలి. ఎంత మందు పోశాడు, గుండు అడుగుదాకా దిగిందా, ముందే ఒక మోతాదు లోపల ఉందా అన్నవి చూసిపెట్టే యంత్రం ఏదీ ఇందులో లేదు. ఈ తుపాకీకి చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క తేడా నుంచే పుట్టాయి.

నిర్మాణం

ఈ తుపాకీకి ప్రధాన భాగాలు మూడు: గొట్టం, దాన్ని మోసే కర్రభాగం, నిప్పు పుట్టించే లాక్. గొట్టం వెనుక కొసను మరలున్న ఉక్కు బిరడాతో గట్టిగా మూసేస్తారు. మందు చేరేది ఆ బిరడా ముందే. నిప్పు లోపలికి వెళ్లడానికి అక్కడ సన్నని రంధ్రం ఒకటి ఉంటుంది. దట్టించే కడ్డీని గొట్టం కింద ఒరలో దోపుకుంటారు.

గొట్టం లోపలి గోడ నున్నగా ఉంటే ఒక గుండైనా, చిన్న రవ్వలైనా కాల్చవచ్చు గానీ గురి 50 గజాలు దాటితే నమ్మకం తగ్గుతుంది. లోపల మెలితిరిగిన గాడులు కోసి ఉంటే అది రైఫిల్. గాడుల వల్ల గుండు తన చుట్టూ తాను తిరుగుతూ తిన్నగా పోతుంది.

నిప్పు పుట్టించే పద్ధతులు

మజిల్‌లోడర్ చరిత్ర చాలావరకు నిప్పు చరిత్రే. 15వ శతాబ్దంలో వచ్చిన వత్తి తుపాకీలో, నెమ్మదిగా కాలే వత్తిని మీట నొక్కి, మొదట అంటుకునే రంజకపు మందుకు తాకించేవారు. వాన కురిస్తే వత్తి ఆరిపోయేది. చీకట్లో దాని వెలుగు వేటగాడిని పట్టిచ్చేది. 16వ శతాబ్దంలో చక్రం తిప్పి నిప్పురవ్వలు రాల్చే లాక్ వచ్చింది. పనితీరు బాగున్నా ఖరీదు ఎక్కువ కావడంతో సామాన్యుడికి అందలేదు.

17వ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో రూపు దిద్దుకున్న ఫ్లింట్‌లాక్, అంటే చెకుముకి తుపాకీ, ఆ తర్వాత రెండు వందల ఏళ్లు రాజ్యమేలింది. ఇందులో సుత్తి దవడల మధ్య తోలుముక్క చుట్టిన చెకుముకి రాయిని బిగిస్తారు. మీట నొక్కగానే రాయి నిలువుగా ఉన్న ఉక్కు పలకను గీరుతుంది. ఆ దెబ్బకు పలక వెనక్కి ఒరిగి, దాని కింద ఉన్న చిన్న పళ్లెం తెరుచుకుంటుంది. రాలిన నిప్పురవ్వలు పళ్లెంలోని రంజకపు మందును అంటిస్తాయి. ఆ మంట పక్క రంధ్రం గుండా లోపలి మందును చేరుతుంది. ఇదంతా కన్నుమూసి తెరిచేలోగా జరిగినా, మీట నొక్కడానికీ గుండు వెలువడడానికీ మధ్య చిన్న జాప్యం తెలుస్తుంది.

ఆ జాప్యాన్ని తగ్గించాలన్న పట్టుదల ఒక వేటగాడిదే. స్కాట్లండ్‌లో బెల్‌హెల్వీ అనే ఊరి చర్చి పాస్టర్ అలెగ్జాండర్ జాన్ ఫోర్సైత్‌కు పక్షుల వేట ఇష్టం. పళ్లెంలో మెరుపు, పొగ చూసి పక్షులు గుండు తగిలేలోపే ఎగిరిపోతున్నాయని గమనించి, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో మందును అంటించే లాక్‌ను తయారుచేసి 1807లో పేటెంట్ పొందాడు. ఆ ఆలోచనే 1820ల నాటికి చిన్న రాగి టోపీగా మారింది. గొట్టం వెనుక ఉన్న చిన్న నాళిక మీద టోపీ తొడిగి సుత్తితో కొడితే చాలు. వాన భయం, మంట కంటికి ఎగజిమ్మే భయం రెండూ చాలావరకు తగ్గాయి.

1849లో ఫ్రెంచి అధికారి మినియే రూపొందించిన శంఖాకారపు గుండు సులువుగా లోపలికి జారి, పేలినప్పుడు వ్యాకోచించి గాడులను పట్టుకునేది. దాని ఆధారంగా వచ్చినదే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్. 1857లో భారత సిపాయిలు తిరస్కరించిన కొవ్వు పూసిన తూటాలు ఈ తుపాకీవే. మూతి నుంచి మందు పోయాలి కాబట్టే కాగితపు పొట్లాన్ని పళ్లతో కొరికి చింపాల్సి వచ్చేది. 1866 నుంచి ఇవే ఎన్‌ఫీల్డ్‌లను వెనుక నుంచి దట్టించేలా మార్చడం మొదలైంది. సైన్యంలో మజిల్‌లోడర్ కాలం అక్కడితో తీరిపోయింది.

1985లో అమెరికాలో టోనీ నైట్ ఎమ్‌కే-85 అనే తుపాకీ తెచ్చాడు. ఇందులో నిప్పు పక్క నుంచి కాక తిన్నగా వెనుక నుంచి మందును తాకుతుంది. ఇన్‌లైన్ అని పిలిచే ఈ తరహావే ఇప్పుడు ఎక్కువగా అమ్ముడవుతున్నాయి.

వేటలో స్థానం: పెన్సిల్వేనియా

పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ ప్రాంతానికి 18వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో వలస వచ్చిన జర్మన్, స్విస్ కమ్మరులు తమ ఊళ్ల పొట్టి వేట రైఫిల్‌ను అమెరికా అడవులకు తగ్గట్టు మార్చారు. గొట్టం పొడుగు చేశారు, లోపలి వ్యాసం తగ్గించారు. నెలల తరబడి అడవిలో తిరిగే మనిషికి మందు, సీసం రెండూ పొదుపు కావాలి మరి. లాంగ్ రైఫిల్ అన్న పేరు అలా వచ్చింది.

ఈ రాష్ట్రం 1974లో చెకుముకి తుపాకీకే ప్రత్యేకమైన జింకల సీజన్ మొదలుపెట్టింది. క్రిస్మస్ మరునాటి నుంచి జనవరిదాకా సాగే ఆ సీజన్‌లో టోపీ తుపాకీకి గానీ ఇన్‌లైన్‌కు గానీ చోటు లేదు. నిప్పు చెకుముకి రాయి నుంచే రావాలి. మంచులో, చలిలో, ఒకే ఒక్క గుండుతో తెల్లతోక జింకను వెతుక్కుంటూ వెళ్లేవారు ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. 1933లో స్థాపించిన జాతీయ మజిల్‌లోడింగ్ రైఫిల్ సంఘం ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో పోటీలు, శిక్షణలు నడుపుతోంది.

రెండో గుండుకు అర నిమిషమో, నిమిషమో పడుతుంది కాబట్టి వేటగాడు దగ్గరికి వెళ్లగలగాలి, తొలి గుండుకే పని అయ్యేలా గురి చూడగలగాలి. మామూలు గురి సాధనాలతో గుండ్రటి సీసపు గుండు కాల్చేవారు జింక మీద 75 గజాలు దాటి ప్రయత్నించకపోవడం మంచిది. 100 గజాలు బాగా చేయి తిరిగినవారికే. గాయపడిన జంతువు పొదల్లో పడి చావడం వేటగాడి వైఫల్యమే. తన గురి ఎంత దూరం నిలుస్తుందో లక్ష్యపు అట్టమీద ముందే తేల్చుకున్నవాడికే అడవిలోకి వెళ్లే అర్హత.

మందు, గుండు

ఈ తుపాకులకు వాడేది నల్లమందు. సురేకారం, బొగ్గు, గంధకాల మిశ్రమం ఇది. మూడొంతుల బరువు సురేకారానిదే. 17, 18 శతాబ్దాల్లో కోరమాండల్ తీరం నుంచి, బీహార్ నుంచి డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు యూరప్‌కు ఓడల్లో తీసుకెళ్లిన సరుకుల్లో సురేకారం ముఖ్యమైనది.

నల్లమందుకు బదులుగా పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ వంటివి మార్కెట్లో ఉన్నాయి. ఈ రెండు తరగతులు తప్ప మరేదీ గొట్టంలోకి వెళ్లకూడదు. ఆధునిక తూటాల్లో వాడే పొగరాని మందును మజిల్‌లోడర్‌లో పోస్తే ఒత్తిడి గొట్టం తట్టుకోగలిగిన హద్దును ఎన్నో రెట్లు దాటుతుంది. గొట్టం పగిలి వేళ్లు, కళ్లు, ప్రాణం పోతాయి. రంగు చూసి మందును గుర్తుపట్టడం కుదరదు, పొగరాని మందుల్లోనూ నల్లగా ఉండేవి ఉన్నాయి. లేబుల్ లేని డబ్బాలో ఏముందో తెలియకపోతే దాన్ని వాడకూడదు, అంతే.

నల్లమందు పలుకుల పరిమాణాన్ని ఎఫ్ అక్షరాలతో సూచిస్తారు. ఎఫ్‌లు పెరిగేకొద్దీ పలుకులు సన్నబడతాయి, మంట వేగం పెరుగుతుంది. పెద్ద గొట్టాలకు రెండు ఎఫ్‌ల మందు, చిన్నవాటికి మూడు ఎఫ్‌ల మందు, పళ్లెంలో రంజకానికి నాలుగు ఎఫ్‌ల మందు వాడతారు. మోతాదును బరువుతో కాక కొలపాత్రతో కొలుస్తారు. తుపాకీ తయారీదారు పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠ మోతాదు దాటడం ఎప్పుడూ తగదు. ట్రిపుల్ సెవెన్‌ను నల్లమందుతో సమానంగా పోస్తే శక్తి ఎక్కువవుతుంది కాబట్టి తయారీదారు దాని మోతాదు తగ్గించమంటాడు.

అర అంగుళం (.50) రైఫిల్‌కు సాధారణంగా వాడేది .490 అంగుళాల గుండు. మెత్తటి సీసంతో పోసిన ఆ గుండు సుమారు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు తూగుతుంది. గొట్టం కన్నా కాస్త చిన్నగా ఉన్న ఈ గుండును కొవ్వు లేదా నూనె పూసిన నూలు గుడ్డముక్కలో చుట్టి దింపుతారు. గాడులను పట్టుకుని గుండును తిప్పేది ఆ గుడ్డే.

దట్టించే క్రమం

ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని కడ్డీతో తేల్చుకోవాలి. నూనె మరక లేకుండా గొట్టాన్ని పొడిగుడ్డతో తుడవాలి. తర్వాత తుపాకీ మడమను నేలమీద ఆనించి, మూతి ముఖానికి దూరంగా, ఆకాశం వైపు వాల్చి పట్టుకోవాలి.

మందు డబ్బా నుంచో మందుకొమ్ము నుంచో నేరుగా గొట్టంలోకి ఎన్నడూ పోయకూడదు. లోపల నిప్పుకణిక మిగిలి ఉంటే మంట ఎగబాకి చేతిలోని డబ్బా మొత్తం పేలుతుంది. కొలపాత్రలోకి పోసి, డబ్బా మూత పెట్టి పక్కన ఉంచి, అప్పుడు కొలిచిన మందు గొట్టంలో పోయాలి. ఒక గుండు కాల్చాక మళ్లీ దట్టించే ముందు కాసింత తడిగుడ్డ, ఆ తర్వాత పొడిగుడ్డ దింపడం నిప్పుకణికలను ఆర్పడానికే.

గుడ్డలో చుట్టిన గుండును మూతిలోకి నొక్కి, కడ్డీని గొట్టానికి జానెడు పైన పట్టుకుని కొద్దికొద్దిగా కిందికి తోయాలి. కడ్డీని చివర పట్టుకుని బలంగా తోస్తే అది విరిగి చీలిక అరచేతిలో దిగుతుంది. తల, ఛాతీ మూతి మీదికి రాకూడదు. గుండు మందును గట్టిగా తాకేదాకా దిగాలి. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ మిగిలితే ఆ గుండే గొట్టానికి అడ్డంకిగా మారి, పేలినప్పుడు గొట్టం ఉబ్బడమో చీలడమో జరుగుతుంది.

రంజకం పోయడం, టోపీ తొడగడం అన్నిటికన్నా ఆఖరి పని. అదీ మూతి క్షేమమైన దిక్కున ఉంచి, కాల్చడానికి సిద్ధమైనప్పుడే చేయాలి. చెకుముకి తుపాకీలో రంజకం పళ్లెం నిండా అక్కర్లేదు. రంధ్రాన్ని మూసేస్తే మంట వేగంగా లోపలికి పోక మందు నిదానంగా కాలుతుంది. మీట నొక్కాక కూడా గురి కదలకుండా నిలపాలి. కళ్లజోడు, చెవులకు రక్షణ తప్పనిసరి. చెకుముకి తుపాకీలో మంట రంధ్రం నుంచి పక్కకు ఎగజిమ్ముతుంది కాబట్టి తోడు వచ్చినవారు లాక్ ఉన్న వైపు నిలబడకూడదు, వెనుక ఉండాలి. ఆ దరిదాపుల్లో బీడీ, సిగరెట్ అసలే ఉండకూడదు.

లోపల ఏముంది?

బయటి నుంచి చూస్తే దట్టించిన మజిల్‌లోడర్, ఖాళీ మజిల్‌లోడర్ ఒకేలా ఉంటాయి. దీనివల్ల ఎంత పొరపాటు జరగగలదో చెప్పే లెక్క పెన్సిల్వేనియాలోనే ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక మైదానంలో ఏరిన తుపాకుల్లో 27,574 పరిశీలించగా సుమారు 24 వేలు దట్టించి ఉన్నాయని, వాటిలో దాదాపు సగంలో రెండేసి మోతాదులు, పావువంతులో మూడు నుంచి పది మోతాదులు కనిపించాయని అమెరికా సైన్యం నమోదు చేసింది. శిక్షణ పొందిన సైనికుడే ఆ గందరగోళంలో తన తుపాకీ పేలిందో లేదో గుర్తించలేకపోయాడు. అంటే జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు.

దీనికి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. ఖాళీ గొట్టంలో కడ్డీని అడుగుదాకా దింపి మూతి దగ్గర కడ్డీ మీద ఒక గీత గీసుకోవాలి. తన మామూలు మోతాదు మందు, గుండు దట్టించాక మళ్లీ కడ్డీ దింపి మూతి దగ్గర రెండో గీత గీయాలి. ఇక ఎప్పుడైనా కడ్డీ దింపితే చాలు. మొదటి గీత మూతి దగ్గర నిలిస్తే ఖాళీ. రెండోది నిలిస్తే సరిగ్గా దట్టించి ఉంది. రెండో గీత మూతికి పైన నిలిచిపోతే గుండు పూర్తిగా దిగలేదు, లేదా రెండు మోతాదులు ఉన్నాయి. అలాంటి తుపాకీని కాల్చకూడదు. మందు రకమో మోతాదో మారితే గీత కూడా మార్చుకోవాలి.

మీట నొక్కినా పేలకపోతే

మీట నొక్కాక ఏమీ జరగకపోతే తుపాకీ చచ్చిందని అనుకోకూడదు. లోపల మందు రగులుతూ కొన్ని క్షణాల తర్వాత పేలవచ్చు. మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకుండా నిలబడాలి. ఆ నిమిషంలో మూతిలోకి తొంగిచూడడం, పక్కవాడి వైపు తిప్పడం ప్రాణాంతకం. తర్వాత సన్నని తీగతో రంధ్రం శుభ్రం చేసి, కొత్త రంజకం లేదా కొత్త టోపీ పెట్టి మళ్లీ ప్రయత్నించవచ్చు. మందు పోయకుండా గుండు దింపేసిన సందర్భంలో గుండును లాగే మరల కడ్డీ కొసకు బిగించి తీయాలి, లేదా కార్బన్ డైఆక్సైడ్ ఒత్తిడితో గుండును బయటికి నెట్టే సాధనం వాడాలి. పక్కన అనుభవజ్ఞుడు లేకపోతే తుపాకుల మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడమే మేలు.

అడవిలో

అన్ని తుపాకులకు వర్తించే నాలుగు సూత్రాలు ఇక్కడా వర్తిస్తాయి: ప్రతి తుపాకీ దట్టించి ఉన్నట్టే చూడాలి, మూతి క్షేమమైన దిక్కున ఉండాలి, గురి కుదిరేదాకా వేలు మీట మీదికి వెళ్లకూడదు, లక్ష్యమేమిటో, దాని వెనుక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. కొమ్మల కదలిక, శబ్దం, రంగు లక్ష్యం కావు. జంతువును పూర్తిగా గుర్తించాకే తుపాకీ పైకెత్తాలి.

చెట్టుమీద మంచె ఎక్కేటప్పుడు, కంచె దాటేటప్పుడు, వాగు దాటేటప్పుడు రంజకం పళ్లెం నుంచి దులిపేయాలి, లేదా టోపీ తీసేయాలి. తుపాకీ చేతబట్టుకుని మంచె ఎక్కకూడదు. రంజకం తీసిన తుపాకీకి తాడు కట్టి, మూతి తన వైపు రాకుండా చూసుకుని, పైకెక్కి సర్దుకున్నాక లాక్కోవాలి. సుత్తిని సగం ఎత్తి ఉంచే కొక్కెం అరిగిపోతే జారుతుంది. దాన్ని మాత్రమే నమ్మి నడవడం ప్రమాదం. పెన్సిల్వేనియాతో సహా పలు రాష్ట్రాల్లో పళ్లెం ఖాళీ చేసిన, లేదా టోపీ తీసిన తుపాకీని చట్టం దృష్టిలో ఖాళీ తుపాకీగానే పరిగణిస్తారు. కానీ గొట్టంలో మందు, గుండు ఇంకా ఉంటాయి. చట్టం ఖాళీ అన్నా వేటగాడి చేతులు దాన్ని దట్టించిన తుపాకీగానే చూడాలి.

మెరిసే నారింజ రంగు జాకెట్టు, టోపీ వేసుకోవాలి. చట్టం కోరని సీజన్‌లోనూ అది రక్షణే. జింక కంటికి ఆ రంగు ప్రత్యేకంగా కనబడదు, సాటి వేటగాడి కంటికి మాత్రం దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కాల్చాక పొగ కమ్మి జంతువు కనబడదు. పరుగెత్తకుండా అది నిలబడిన చోటును గుర్తుపెట్టుకుని, తుపాకీ మళ్లీ దట్టించి, అప్పుడు వెతకడానికి వెళ్లాలి.

శుభ్రత, నిల్వ

నల్లమందు కాలినప్పుడు సగానికిపైగా బరువు ఘనరూపంలో మిగిలి గొట్టంలో పేరుకుంటుంది. ఆ మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తింటుంది. అందుకే వేట ముగిసిన రోజే తుపాకీ ఖాళీ అని తేల్చుకుని, వేడినీళ్లు, సబ్బుతో గొట్టం కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పలుచగా నూనె రాయాలి. లాక్, రంధ్రం, నాళిక కూడా కడగాలి. మరుసటి సీజన్‌లో కాల్చే ముందు ఆ నూనెను తుడిచేయాలి, లేకపోతే మందు తడిసి తుపాకీ పేలదు.

మందును కంపెనీ డబ్బాలోనే, నిప్పుకు, పిల్లలకు దూరంగా, చల్లని పొడిచోట ఉంచాలి. టోపీలను మందు దగ్గర పెట్టకూడదు. దట్టించిన తుపాకీని ఇంటికి తేకూడదు, నిల్వ చేయకూడదు. పాత తుపాకీని గోడమీద అలంకారంగా పెట్టుకున్నవారు కూడా కడ్డీ దింపించి లోపల ఏమీ లేదని తెలుసుకోవాలి. దశాబ్దాల నాటి మందు సైతం పొడిగా ఉంటే పేలగలదు. పాతదాన్ని కాల్చాలనుకుంటే ముందు నిపుణుడికి చూపించాలి. ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియా వంటి చోట్ల ఒత్తిడి పరీక్ష నెగ్గి ముద్ర పడిన కొత్త నకళ్లే వాడకానికి ఉత్తమం.

చట్టం, మన నేల

అమెరికా ఫెడరల్ చట్టం సంప్రదాయ మజిల్‌లోడర్‌లను చాలావరకు పురాతన ఆయుధాల కింద లెక్కిస్తుంది. అయితే రాష్ట్రాల చట్టాలు వేర్వేరు, వేటకు లైసెన్సు అన్నిచోట్లా కావాలి. తొలిసారి లైసెన్సు తీసుకునేవారికి పెన్సిల్వేనియాలో వేట శిక్షణ తప్పనిసరి. అక్కడ స్థిరపడిన తెలుగువారు స్నేహితుల మాట మీద కాక, ఆ ఏటి రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధనల పుస్తకం చదివి, తమ వీసా హోదాకు ఏది వర్తిస్తుందో తెలుసుకుని అడుగు వేయాలి.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం మజిల్‌లోడర్‌కూ లైసెన్సు ఉండాలి. కర్ణాటకలోని కొడగులో కొడవలకు బ్రిటిష్ కాలం నుంచి ఉన్న ప్రత్యేక మినహాయింపును కేంద్రం 2029 దాకా పొడిగించింది. అక్కడ తుపాకులకు పూజ చేసే కైల్‌పోళ్దు పండుగ ప్రసిద్ధం. ఆ మినహాయింపు ఆయుధం ఉంచుకోవడానికే గాని వన్యప్రాణిని కొట్టడానికి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశమంతా వేటను నిషేధిస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అటవీ గ్రామాల్లో నాటు తుపాకీగా పిలిచేది కూడా మజిల్‌లోడరే. దాని గొట్టం ఏ ఇనుముతో చేసిందో, ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చేసినవాడికీ తెలియదు, కాల్చేవాడికీ తెలియదు. లైసెన్సు లేని అలాంటి తుపాకీ ఉంచుకోవడం నేరం, దానితో అడవిపందిని కొట్టబోవడం మరో నేరం. పంట నష్టపోయే రైతు బాధ నిజమైనదే, కానీ దానికి దారి అటవీ శాఖకు ఫిర్యాదు, నష్టపరిహారం, అనుమతి పొందిన చర్యలే. ఇంట్లో నాటు తుపాకీ ఉన్నవారు దాన్ని విప్పే ప్రయత్నం చేయకుండా పోలీసులకు అప్పగించాలి.

వేట చట్టబద్ధమైన దేశంలో మజిల్‌లోడర్ పట్టాలనుకునేవారు ముందు గుర్తింపు ఉన్న శిక్షకుడి దగ్గర నేర్చుకోవాలి, తర్వాత లక్ష్యపు మైదానంలో చేయి స్థిరపడేదాకా సాధన చేయాలి, ఆ తర్వాతే అడవికి వెళ్లాలి. ఎవరు దట్టించి ఇచ్చిన తుపాకీనైనా, అది తన తండ్రి చేతి నుంచి వచ్చినా సరే, కడ్డీ దింపి స్వయంగా చూసుకోకుండా కాల్చకూడదు.